నూనె మిల్లు మట్టి నుంచి కొత్త లైపేజ్: డీఎన్‌ఏ తీశాక ఏ దారిలో వెళ్లాలి?

తార్నాక_స్కాలర్

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. కాటేదాన్ వైపు ఒక నూనె మిల్లు వెనక ఏళ్ల తరబడి నూనె ఇంకిన నేల ఉంది. యజమానిని అడిగి అక్కడి మట్టి తెచ్చుకున్నాం. సూక్ష్మజీవులను పెంచే పని పెట్టుకోకుండా మట్టిలోంచి నేరుగా డీఎన్‌ఏ తీసి, పరిశ్రమలకు పనికొచ్చే లైపేజ్ ఎంజైములు (కొవ్వును విడగొట్టేవి) వెతకాలన్నది మా గైడ్ గారి ఆలోచన.

ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి. ఒకటి, డీఎన్‌ఏను ముక్కలు చేసి ఈ-కోలై బాక్టీరియాలో లైబ్రరీ (ఒక్కో కాలనీలో ఒక్కో ముక్క ఉండే సంచయం) కట్టి, నూనె కలిపిన ప్లేట్ల మీద ఏ కాలనీ కొవ్వును కరిగిస్తుందో చూడటం. రెండోది, మొత్తం సీక్వెన్సింగ్‌కి (డీఎన్‌ఏ అక్షరాల వరస చదవడానికి) ఇచ్చి, కంప్యూటర్‌లో లైపేజ్‌లా కనిపించే జన్యువులు ఏరి, వాటిని సింథసిస్ చేయించుకోవడం, అంటే కృత్రిమంగా తయారు చేయించుకోవడం. ల్యాబ్‌లో సీనియర్లు ఇద్దరూ చెరోవైపు లాగుతున్నారు. ఫండ్స్ ఒకదానికే వస్తాయి. నిజంగా టెన్షన్‌గా ఉంది. చేసి చూసినవాళ్లు చెప్పగలరా?

జీనోమ్_లెక్కలు

సీక్వెన్సింగే. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

అసలు మట్టి ముట్టుకోకపోయినా పని నడుస్తుంది. ఎంజీనిఫై లాంటి పబ్లిక్ డేటాబేసుల్లో సముద్రాలు, పొలాలు, పశువుల పొట్టలు, వేడి బుగ్గల నుంచి వచ్చిన ప్రొటీన్ సీక్వెన్సులు కోట్లలో పడి ఉన్నాయి. 2004లో క్రెయిగ్ వెంటర్ బృందం ఒక్క సర్గాసో సముద్రపు నీటిలోంచే అంతకుముందు తెలియని జన్యువులు 12 లక్షలు బయటపెట్టింది. అప్పటికే అంత ఉంటే ఇప్పుడెంత ఉంటుందో ఊహించుకోండి.

లైపేజ్‌లకు గుర్తులు కూడా బాగా తెలుసు. సెరీన్, హిస్టిడీన్, ఆస్పార్టేట్ కలిసి పనిచేసే క్రియాస్థానం, దాని చుట్టూ ఆల్ఫా-బీటా హైడ్రోలేజ్ మడత. హెచ్‌ఎంఎం ప్రొఫైల్‌తో (తెలిసిన కుటుంబపు పోలికలు పట్టే కంప్యూటర్ నమూనా) వెతికి, ఆల్ఫాఫోల్డ్ సాఫ్ట్‌వేర్‌తో ప్రొటీన్ ఆకారం చూసుకుని, ఓ ఇరవై జన్యువులు ఎంచుకుని ఆర్డర్ ఇవ్వండి. సిగ్నల్ పెప్టైడ్ (ప్రొటీన్‌ను కణం బయటికి పంపే మొదటి ముక్క) తీసేసి ఆర్డర్ ఇవ్వడం మరచిపోవద్దు.

మట్టి_డీఎన్‌ఏ

అన్నా, మీ మాట సగం వరకు ఒప్పుకుంటాను. మిగతా సగం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ చెల్లెలి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

పోలికతో వెతికితే దొరికేది తెలిసినదాని చుట్టాలే. పూర్తిగా కొత్త కుటుంబానికి చెందిన ఎంజైమ్ మీ హెచ్‌ఎంఎం కంటికి కనబడదు, 'హైపొథెటికల్ ప్రొటీన్' అనే చీటీ తగిలించుకుని ఫైల్లోనే ఉండిపోతుంది. ప్లేట్ మీద అలా కాదు. కాలనీ చుట్టూ తేట వలయం వచ్చిందంటే ఆ ప్రొటీన్‌కి పేరున్నా లేకపోయినా పని చేస్తోందన్నమాట. 1998లో జో హ్యాండెల్స్‌మన్, ఆమె సహచరులు మెటాజీనోమ్ (ఒక చోటి జీవులన్నిటి డీఎన్‌ఏ కలిపి) అన్న మాటను ముందుకు తెచ్చినప్పుడు చెప్పింది ఇదే: పెంచలేని జీవుల డీఎన్‌ఏను పెరిగే జీవిలో పెట్టి, అది ఏం చేస్తుందో చూడండి అని. మామూలు మీడియా మీద మట్టి బాక్టీరియాలో నూటికి ఒకటి కూడా పెరగడం కష్టం. మిగతావాటి పనితనం చూడాలంటే ఇది బలమైన దారి.

అయితే ఈ దారిలో ఇబ్బందులు తక్కువేం కాదు. ఫాస్మిడ్‌లో (పెద్ద ముక్కలు మోసే డీఎన్‌ఏ వాహకం) 40 కిలోబేసుల, అంటే 40 వేల అక్షరాల, ముక్క పడుతుంది. పదివేల క్లోన్ల లైబ్రరీ కడితే మొత్తం 400 మెగాబేసులు. ఈ-కోలై జీనోమ్ లెక్కన చూస్తే అది నూరు బాక్టీరియాల సరుకుకి కూడా చాలదు. గ్రాము మట్టిలో వేల రకాల జీవులుంటాయి. పైగా ఈ-కోలై ప్రతి జన్యువునూ చదవదు. 2004లో గాబర్ బృందం 32 జీనోములు పరిశీలించి, ఈ-కోలైలో సగటున 40 శాతం జన్యువులే సులువుగా పలుకుతాయని అంచనా వేసింది. గుంపును బట్టి అది 7 నుంచి 73 శాతం దాకా మారుతుంది. డీఎన్‌ఏలో జీ, సీ అక్షరాలు ఎక్కువున్న యాక్టినోబాక్టీరియా జన్యువుల దగ్గరే ఎక్కువ చిక్కు. నూనె పట్టిన నేలలో అవి బాగానే ఉంటాయి.

కాబట్టి నా సలహా: ఫాస్మిడ్ కట్టాలనుకుంటే, అరబినోస్ చక్కెర వేస్తే కాపీల సంఖ్య పెరిగే రకం వెక్టర్ (ముక్కను మోసే డీఎన్‌ఏ) తీసుకోండి. లేదా 3 నుంచి 8 కిలోబేసుల చిన్న ముక్కలతో ప్లాస్మిడ్ లైబ్రరీ కట్టండి. చిన్న ముక్కైతే వెక్టర్ ప్రమోటరే (జన్యువును ఆన్ చేసే స్విచ్) జన్యువును నడిపిస్తుంది, మట్టిజీవి సొంత ప్రమోటర్‌ను ఈ-కోలై గుర్తుపడుతుందా లేదా అన్న బెంగ తగ్గుతుంది. ఒక లైపేజ్‌కి ఒకటి రెండు కిలోబేసులు చాలు కదా.

ఇంతకీ డీఎన్‌ఏ శుభ్రంగా వచ్చిందా? 260/230 నిష్పత్తి (కాంతితో శుభ్రత చూసే కొలత, తక్కువైతే మురికి ఉన్నట్టు) ఎంత?

తార్నాక_స్కాలర్

అదే అడగాలనుకున్నాను అన్నా. డీఎన్‌ఏ టీ డికాక్షన్ రంగులో వచ్చింది. 260/230 ఒకటి కూడా దాటలేదు. పీసీఆర్ (డీఎన్‌ఏ కాపీలు పెంచే పద్ధతి) పెడితే బ్యాండ్ లేదు.

మట్టి_డీఎన్‌ఏ

హ్యూమిక్ ఆమ్లాలు, మట్టిలో కుళ్లిన పదార్థం నుంచి వచ్చే గోధుమ రంగు మురికి. మట్టితో పని చేసేవాళ్లందరికీ ఇదే తలనొప్పి. డీఎన్‌ఏను కాపీ చేసే పాలిమరేజ్‌ను, ముక్కలు అతికించే లైగేజ్‌ను రెండింటినీ అడ్డుకుంటాయి. ముందు డీఎన్‌ఏను నూరు రెట్లు పలచన చేసి పీసీఆర్ పెట్టండి. బ్యాండ్ వస్తే డీఎన్‌ఏ బాగానే ఉంది, మురికే అడ్డం అని తేలుతుంది. తర్వాత సీటాబ్‌తో, పీవీపీపీతో శుభ్రం చేయండి. లైబ్రరీ కోసమైతే లో-మెల్ట్ అగరోజ్ జెల్‌లో నెమ్మదిగా నడపండి. గోధుమ రంగు పట్టీ ముందుకు పోతుంది, పెద్ద డీఎన్‌ఏ వెనక ఉంటుంది, దాన్ని కోసి తీసుకోండి. పెద్ద ముక్కలు కావాలంటే బీడ్-బీటింగ్ (చిన్న పూసలతో కొట్టి కణాలు పగలగొట్టడం) వద్దు, డీఎన్‌ఏ ముక్కలు ముక్కలైపోతుంది. లైసోజైమ్, ఎస్‌డీఎస్‌తో మెల్లగా చేయండి. దిగుబడి తగ్గినా ఫర్వాలేదు.

జీనోమ్_లెక్కలు

చిన్న ముక్కల లైబ్రరీ గురించి మీరు చెప్పింది బావుంది. కానీ నా వైపు నుంచి ఒక ఉదాహరణ పెట్టకుండా ఉండలేను. 2011లో ఆవు రుమెన్ (మేత పులిసే పొట్ట అర) మీద వచ్చిన హెస్ బృందం పేపర్. 268 గిగాబేసులు చదివారు. పిండిపదార్థాల మీద పనిచేసేలా కనిపించిన జన్యువులు 27,755 దొరికాయి. వాటిలోంచి 90 ప్రొటీన్లు తయారుచేసి పరీక్షిస్తే 57 శాతం నిజంగానే సెల్యులోజ్ పదార్థాల మీద పనిచేశాయి. సగానికి పైగా! ప్లేట్ల మీద వేల కాలనీలు చూస్తే ఒకటి రెండు వస్తాయి. ఇక్కడ ఎంచినవాటిలో సగం పనిచేస్తున్నాయి.

జీడిమెట్ల_కెమిస్ట్

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నేను మందుల ఇంటర్మీడియెట్లు తయారుచేసే ప్లాంట్‌లో ప్రాసెస్ డెవలప్‌మెంట్ చూస్తాను. మైక్రోబయాలజీ నాది కాదు, కానీ మీరు దొరికించే ఎంజైమ్ చివరికి రావాల్సింది మా రియాక్టర్‌లోకే. అందుకని అడుగుతున్నాను.

అమ్మా, ఏ లైపేజ్? ఏ పదార్థం మీద? ఏ వేడిలో? ఎవరికోసం?

మీ మొదటి పోస్ట్‌లో 'పరిశ్రమకు పనికొచ్చే' అన్నారు. లైబ్రరీయా సీక్వెన్సింగా అన్నదానికంటే ముందు తేలాల్సింది ఇది. డిటర్జెంట్ వాళ్లకు కావాల్సింది పీహెచ్ 9-10లో, సర్ఫాక్టెంట్ల మధ్య, ప్రొటీయేజ్‌లు పక్కనే ఉన్నా బతికే లైపేజ్. బయోడీజిల్ వాళ్లకు మెథనాల్‌ను తట్టుకునేది కావాలి. మా బోటి వాళ్లకు ఎస్టర్ రెండు చేతివాటాల్లో (ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండే రూపాల్లో) ఒకదాన్నే కోసేది కావాలి. అదీ సాల్వెంట్ కలిసిన నీటిలో, లీటరుకు వంద గ్రాములకు తక్కువ కాకుండా పదార్థం వేస్తే చేతులెత్తేయకుండా. ఇవి మూడూ ఒకే ప్లేట్ మీద దొరకవు.

మా రంగంలో ఈ పని ఎలా ఫలించిందో ఒకటి చెప్తాను. అటార్వాస్టాటిన్ అందరికీ తెలుసు, కొలెస్ట్రాల్ మాత్ర. దాని పక్కగొలుసుకు కావాల్సిన ఒక ఇంటర్మీడియెట్‌ను 3-హైడ్రాక్సీగ్లుటారోనైట్రైల్ నుంచి నైట్రిలేజ్‌తో (నైట్రైల్ గుంపును ఆమ్లంగా మార్చే ఎంజైమ్) చేయొచ్చు. ఆ అణువుకు రెండు చివరలా ఒకేలాంటి నైట్రైల్ గుంపులుంటాయి. ఎంజైమ్ వాటిలో ఒకదాన్నే పట్టుకోవాలి. అప్పటికి తెలిసిన నైట్రిలేజ్‌లు చాలా తక్కువ. అమెరికాలోని డైవర్సా సంస్థ ప్రపంచంలోని రకరకాల నేలల నుంచి తెచ్చిన డీఎన్‌ఏ లైబ్రరీల్లో వెతికి 200కు పైగా కొత్త నైట్రిలేజ్‌లు దొరికించింది. 2002లో ప్రచురించారు. వాటన్నిటినీ ఈ పదార్థం మీదే పరీక్షించి, సరైన చేతివాటం ఇచ్చినదాన్ని పట్టుకున్నారు. అయినా పదార్థం గాఢత 3 మోలార్‌కి పెంచేసరికి ఎంపిక తగ్గింది. అప్పుడు ఎంజైమ్‌లో ఒక్కొక్క స్థానాన్నీ మార్చి చూసి, 190వ స్థానంలో అలనీన్ బదులు హిస్టిడీన్ పెడితే 3 మోలార్‌లో కూడా 98.5 శాతం ఎనాన్షియోమర్ ఆధిక్యత (ఒక చేతివాటానికి మరోదాని మీద ఉన్న మెజారిటీ) నిలిచిందని తేల్చారు.

ఇందులో నేను గమనించింది ఏమిటంటే, వాళ్లు మొదటి రోజు నుంచీ ఏ అణువు కావాలో తెలుసుకునే వెతికారు. మన దగ్గర వచ్చే థీసిసుల్లో చాలా వాటిలో 'నవల్ లైపేజ్, ఆప్టిమమ్ 45 డిగ్రీలు, పీహెచ్ 8' అని ఉంటుంది. పరీక్షించింది పారా-నైట్రోఫెనైల్ పాల్మిటేట్ మీద, అంటే తెగితే పసుపు రంగిచ్చే ల్యాబ్ పదార్థం మీద. ఆ పదార్థాన్ని ప్రపంచంలో ఏ ఫ్యాక్టరీ కరిగించుకోదు. ఎంత కష్టపడి చేసినా ఆ ఎంజైమ్ ఫ్రీజర్‌లోనే ఉండిపోతుంది. చూస్తే బాధేస్తుంది.

ఉప్పల్_టీచర్

కెమిస్ట్ గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. దీనికి ఇంకో వైపు కూడా చూపిస్తాను.

ట్రైబ్యూటిరిన్ ప్లేట్‌ను అందరూ చిన్నచూపు చూస్తారు, కరిగించడం సులువైన చిన్న కొవ్వు కదా అని. కానీ జపాన్‌లో ఒసాకా విశ్వవిద్యాలయం వాళ్లు ఆకులు, కొమ్మలు కుళ్లిన కంపోస్ట్ నుంచి ఫాస్మిడ్ లైబ్రరీ కట్టి, సరిగ్గా ఆ ట్రైబ్యూటిరిన్ ప్లేట్ మీదే ఒక క్యూటినేజ్‌ను (ఆకుల పైపొరను కోసే ఎంజైమ్) పట్టుకున్నారు. 2012లో ప్రచురించారు. ఎల్‌సీసీ అని పిలుస్తారు. మామూలుగా అయితే అక్కడితో ఆగిపోయేది. వాళ్లు ఆగలేదు. నీళ్ల సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్ మీద పెట్టి చూశారు, కరిగించింది. పెట్ మెత్తబడేది 70 డిగ్రీల దగ్గర. ఈ ఎంజైమ్ ఆ వేడిని తట్టుకోవడమే దాని బలం. 2020లో ఫ్రాన్స్‌లో తులూజ్ పరిశోధకులు, కార్బియోస్ కంపెనీ కలిసి దాన్ని మార్చి, 72 డిగ్రీల దగ్గర 10 గంటల్లో పెట్‌ను 90 శాతం దాకా విడగొట్టారు.

అంటే మొదటి జల్లెడ ఏదైనా కావచ్చు. రెండో జల్లెడ అసలు పదార్థమై ఉండాలి. నా విద్యార్థులకు ఇదే చెప్తాను.

కూకట్‌పల్లి_బయోటెక్

మంచి చర్చ. ఒక సందేహం: నూనె మట్టి బదులు పటాన్‌చెరు వైపు, ఇసకవాగు అడుగుమట్టి తీసుకుంటే? సాల్వెంట్లకు, మందులకు అలవాటు పడిన బాక్టీరియా ఉంటాయి కదా, వాటి ఎంజైములు గట్టివి అయ్యే అవకాశం ఎక్కువ అనుకుంటున్నా.

మట్టి_డీఎన్‌ఏ

శాస్త్రపరంగా మీ ఊహ సరైనదే. కానీ ఆ మట్టి విషయం వేరు. 2007లో స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని చూపించింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదును మించిన గాఢత అది. తర్వాత 2011లో అదే ప్రాంతపు అడుగుమట్టి మెటాజీనోమ్ చదివితే యాంటిబయాటిక్ నిరోధక జన్యువులు, వాటిని ఒక బాక్టీరియా నుంచి మరోదానికి మోసుకుపోయే మూలకాలు దండిగా కనిపించాయి. మీరు ఆ డీఎన్‌ఏతో ఈ-కోలైలో లైబ్రరీ కడితే వాటినీ క్లోన్ చేస్తున్నట్టే. నిషేధమేమీ లేదు, కానీ మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీకి ఆ విషయం విడిగా రాసి అనుమతి తీసుకోండి, ప్లేట్లన్నీ ఆటోక్లేవ్ అయ్యాకే బయటికి పోవాలి. ఆ వాగుల పక్కన ఉండే రైతులు ఇప్పటికే చాలా భరించారు. ల్యాబ్ నుంచి మనం ఇంకొకటి కలపకూడదు.

చట్టం_చదువరి

బయోసేఫ్టీ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. మట్టిలోని సూక్ష్మజీవులు కూడా జీవవనరులే, 2002 నాటి జీవవైవిధ్య చట్టం వాటికీ వర్తిస్తుంది. భారతీయ విద్యార్థి ఇక్కడే చదువు కోసం చేసే పరిశోధనకు ముందస్తు అనుమతి అవసరం లేదు. వాణిజ్య వినియోగం దగ్గరికి వస్తే రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందుగా తెలియజేయాలి. పేటెంట్ వేస్తే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గరికి వెళ్లాల్సిందే. 2023లో చట్టాన్ని సవరించారు కాబట్టి పాత థీసిస్‌లో రాసింది చూసి నడవొద్దు. విదేశీ సంస్థతో కలిసి చేసినా, నమూనా దేశం దాటినా నిబంధనలు మారతాయి.

2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పంద దేశాల 11వ సమావేశం జరిగింది మన హైదరాబాద్‌లోనే. వనరు ఇచ్చినవాళ్లకు లాభంలో వాటా అనే నగోయా ప్రోటోకాల్ గురించి ఇక్కడా చర్చ నడిచింది. అది 2014లో అమల్లోకి వచ్చింది. ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గలో 1960లలో థామస్ బ్రాక్ కనుగొన్న థెర్మస్ అక్వాటికస్ నుంచి టాక్ పాలిమరేజ్ వచ్చింది. దానితో పీసీఆర్ ప్రపంచమంతా పాకింది, కోట్ల డాలర్ల వ్యాపారం అయింది. ఆ పార్కుకు దాన్నుంచి రాయల్టీ ఏమీ రాలేదు. మిల్లు యజమానిని అడిగి మట్టి తేవడం మంచి పని అమ్మా. నమూనా తీసిన చోటు, తేదీ, జీపీఎస్, అనుమతి పత్రం ఇవన్నీ ఇప్పుడే రాసి పెట్టుకోండి. రేపు పేటెంట్ కాగితాల్లో మొదట అడిగేవి ఇవే.

జీనోమ్_లెక్కలు

ఎల్‌సీసీ చరిత్ర ఇంత వివరంగా తెలియదు, ఉప్పల్ సార్‌కి థాంక్స్. అయితే డబ్బు లెక్క కూడా చూద్దాం. లోతైన సీక్వెన్సింగ్‌కి బదులు, లైబ్రరీలో పాజిటివ్ వచ్చిన క్లోన్లను మాత్రమే చదివించుకుంటే ఖర్చు చాలా తక్కువ. వచ్చిన జన్యువును పట్టుకుని పబ్లిక్ డేటాబేసుల్లో దాని చుట్టాలను నేను వెతికిపెడతాను. ఒకటి మీ మట్టి నుంచి, దాని బంధువులు ఓ పది ప్రపంచం నుంచి. పదకొండిట్లో ఏదో ఒకటి కెమిస్ట్ గారి సాల్వెంట్‌ను తట్టుకోవచ్చు. అప్పుడు రెండు దారులూ కలిసిపోతాయి, ఫండ్స్ ఒకదానికే ఖర్చవుతాయి.

మట్టి_డీఎన్‌ఏ

ఇది బావుంది. నేను మొత్తంగా ఒప్పుకుంటున్నాను.

తార్నాక_స్కాలర్

అందరికీ చాలా చాలా థాంక్స్. గైడ్ గారితో ఈ థ్రెడ్ మొత్తం చదివించాను. ఇలా అనుకున్నాం: 3-8 కిలోబేసుల లైబ్రరీ, మొదటి జల్లెడ ట్రైబ్యూటిరిన్, పాజిటివ్ క్లోన్లకే సీక్వెన్సింగ్. రెండో జల్లెడకు మాత్రం అసలు పదార్థం కావాలి. జీడిమెట్ల సార్, మీ దగ్గర లైపేజ్‌తో విడగొట్టాలని చూసి కుదరని ఎస్టర్ ఏదైనా ఉంటే, కంపెనీ రహస్యం కానిది, చెప్పగలరా? ఇంకో ప్రశ్న: ట్రైబ్యూటిరిన్ మీద వచ్చినవాటిలో ఎస్టరేజ్‌లు (చిన్న గొలుసులను మాత్రమే కోసేవి) ఎన్ని, నిజమైన లైపేజ్‌లు ఎన్ని అని ఎలా విడదీయాలి?

ఉప్పల్_టీచర్

రెండో ప్రశ్నకు నేను. ఆలివ్ నూనె, రోడమిన్-బి కలిపిన ప్లేట్ మీద ఆ క్లోన్లు మళ్లీ పెట్టండి. పొడవు గొలుసుల కొవ్వును కోసేవైతే 350 నానోమీటర్ల యూవీ కింద కాలనీ చుట్టూ నారింజ రంగులో వెలుగుతుంది. ఎస్టరేజ్ అయితే వెలగదు. ఎస్టరేజ్ అని పారేయకండి, మందుల వాళ్లకు చాలాసార్లు అదే కావాలి. మట్టి డీఎన్‌ఏ ముక్క లేని ఖాళీ వెక్టర్ ఈ-కోలైని ప్రతి ప్లేట్ మీదా కంట్రోల్‌గా పెట్టండి.

పారా-నైట్రోఫెనాల్ పసుపు రంగుతో కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ రంగు పీహెచ్ 7కు పైనే బాగా వస్తుంది, దాని పీకేఏ (సగం అణువులు రంగు రూపంలోకి మారే పీహెచ్) 7.15 దగ్గర ఉంటుంది. పీహెచ్ 5లో చూస్తే ఎంజైమ్ పనిచేస్తున్నా ద్రవం రంగు లేకుండానే ఉంటుంది. ఆమ్లంలో పనిచేసేవి చచ్చాయనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. రియాక్షన్ అయ్యాక క్షారం కలిపి చదవండి. పీహెచ్ 9 దాటితే ఎంజైమ్ లేకుండానే కొంత విడిపోతుంది, అక్కడ బ్లాంక్ లేకుండా అంకెలు నమ్మొద్దు.

జీడిమెట్ల_కెమిస్ట్

అడగడమే సంతోషం అమ్మా. కంపెనీ పదార్థం ఇవ్వలేను, కానీ పుస్తకాల్లో ఉన్నదే చాలు. మాండెలిక్ ఆమ్లం ఎథైల్ ఎస్టర్ రెండు చేతివాటాలూ కలిసినది తీసుకోండి, కొనడానికి దొరుకుతుంది, కైరల్ హెచ్‌పీఎల్‌సీలో (చేతివాటాలను వేరు చేసి కొలిచే యంత్రం) విడదీయడమూ సులువు. మొదట నీటిలో పెట్టండి, తర్వాత 20 శాతం డీఎంఎస్‌ఓ సాల్వెంట్‌లో, ఆ తర్వాత టాల్యూన్ పొరతో. ఏ క్లోన్ ఏ దశలో ఆగిందో ఒక పట్టికలో రాసుకోండి, ఆగినవాటితో సహా. జీనోమ్_లెక్కలు గారు తెచ్చే చుట్టాల్లో వేటిని ముందు సింథసిస్ చేయించాలో ఆ పట్టిక చూసే తేల్చుకుందాం. కైరల్ కాలమ్ మీ సంస్థలో లేకపోతే ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, శాంపిళ్లు నడిపించే ఏర్పాటు అడిగి చూస్తాను.